కార్మికుని జబ్బు ఎవరి బాధ్యత?

(సంఘం వార్షిక సభలో వైద్య సహాయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాము.



ప్రతి ఏడూ ఈ సభలో మా ఉపసంఘం ఎంతమందికి మందులు ఇప్పించిందో, ఎన్ని ఆపరేషన్లకు సాయం చేసిందో చెప్పడం ఆనవాయితీ. ఆ లెక్కలన్నీ కార్యదర్శి నివేదికలో ఉన్నాయి, ఈ సంచికలోనే చదువుకోవచ్చు. ఈసారి మేము ఆ లెక్కల వెనక ఉన్న ఒక ప్రశ్నను మీ ముందు పెట్టదలచుకున్నాము. మన దగ్గరికి సాయం కోసం వచ్చేవారు ఎవరు?

పని చేయలేని ముసలివారు, దిక్కులేని వితంతువులు, అనాథ పిల్లలు వస్తారు. వారికోసమే ఈ సంఘం పుట్టింది. వారి సంగతి వేరు. అయితే మా దగ్గరికి వచ్చే అర్జీల్లో చాలా వాటి మీద వృత్తి అన్నచోట వెల్డర్, హోటల్ వంటమనిషి, టైలర్, డ్రైవర్, ప్రైవేటు బడి టీచర్, బట్టల షాపు సేల్స్‌మన్ అని ఉంటుంది. వీళ్ళు బిచ్చమెత్తేవారు కారు. పొద్దున పోయి రాత్రి దాకా కష్టపడేవారు. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఒకే సేఠ్ దగ్గర పని చేసినవారు. అలాంటి మనిషి ఒక్క జబ్బుతో, ఒక్క ప్రమాదంతో చేయి చాచాల్సి వస్తోంది. ఎందుకు?

ఇక్కడ రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. ఒకటి ఆసుపత్రి ఖర్చు. రెండోది ఆగిపోయిన జీతం. మొదటిదాని గురించి అందరం మాట్లాడతాం, రెండోది ఎవరికీ పట్టదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్ద అండ అయింది. మన తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 2018లో వచ్చిన కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా వైద్యం ఇస్తుంది. ఇవన్నీ ఆసుపత్రికి డబ్బు కడతాయి. రెండు నెలలు మంచం మీద ఉన్న మనిషి ఇంట్లో బియ్యానికి, కిరాయికి, పిల్లల ఫీజుకు అవి డబ్బు ఇవ్వవు. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందిని కూలదోసింది ఆపరేషన్ బిల్లు కాదు, ఆ రెండు నెలల్లో చేసిన అప్పు.

ఈ రెండు దెబ్బలకూ మందు మన దేశంలో ఎప్పుడో తయారైంది. దాని పేరు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. స్వాతంత్ర్యం రాకముందే ప్రొఫెసర్ బి.పి. అడార్కర్ 1944లో దీని నమూనా తయారు చేశారు. 1948లో చట్టం అయింది. 1952 ఫిబ్రవరి 24న నెహ్రూ గారు కాన్పూరులో ప్రారంభించారు. డెబ్బై ఏళ్ళు దాటినా మన బజార్లలో దీని గురించి తెలిసినవారు తక్కువే. అందుకే కొంచెం వివరంగా చెప్పుకుందాం.

పది మంది, అంతకంటే ఎక్కువ మంది పని చేసే చోట ఈ చట్టం వర్తిస్తుంది. కార్ఖానా ఒక్కటే కాదు, దుకాణం, హోటల్, రవాణా కంపెనీ, ప్రైవేటు బడి, ప్రైవేటు ఆసుపత్రి కూడా వస్తాయి. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారు ఇందులో చేరతారు. యజమాని జీతంలో నూటికి 3 రూపాయల 25 పైసలు కడతాడు. కార్మికుడు 75 పైసలు కడతాడు. 2019 జూలైకి ముందు ఇద్దరిదీ కలిపి నూటికి ఆరున్నర ఉండేది. ఇప్పుడు నాలుగే.

లెక్క వేసి చూద్దాం. ఒక హోటల్‌లో పది మంది పని చేస్తున్నారు, ఒక్కొక్కరికి 14,000 జీతం అనుకుందాం. మొత్తం జీతాలు 1,40,000. సేఠ్ కట్టాల్సింది నెలకు 4,550 రూపాయలు. ఒక్కో మనిషి జీతంలో కోత 105 రూపాయలు. రోజుకు మూడున్నర రూపాయలు. మన హోటల్లో చాయ్ ఆ రేటుకు దొరకదు.

దానికి బదులు ఏం వస్తుంది? ఆ మనిషికి, భార్యాపిల్లలకు, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్యం. ఒక్కో మనిషికి ఇంతవరకే అన్న ఖర్చు పరిమితి పెట్టుకోని వైద్యం. జబ్బు పడి పనికి పోలేకపోతే జీతంలో నూటికి 70 చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా నగదు. 14,000 జీతగాడికి అది రోజుకు సుమారు 326 రూపాయలు, మొత్తం మీద 29 వేలకు పైనే. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘ జబ్బులైతే నూటికి 80 చొప్పున ఇంకా ఎక్కువ కాలం. పనిలో దెబ్బ తగిలితే నయమయ్యేదాకా నూటికి 90. శాశ్వతంగా అవయవం పోతే బతికినంత కాలం పింఛను. పనిలో ప్రాణమే పోతే భార్యాపిల్లలకు పింఛను. ఆడపిల్ల ప్రసవిస్తే 26 వారాలు పూర్తి జీతం. 14,000 జీతం ఉన్న మన బడి టీచరమ్మకు అది 84 వేల రూపాయలు. దాన్ని బడి యాజమాన్యం జేబులోంచి తీయనక్కరలేదు, కార్పొరేషనే ఇస్తుంది. నగదు సాయానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతులు ఉన్నాయి. జబ్బు సెలవు డబ్బుకు ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి. వైద్యం మాత్రం చేరిన రోజు నుంచే.

ఇంత ఉండి మన మనుషులకు ఎందుకు అందడం లేదు? ఒక్క సేఠ్‌ల తప్పేనని చెప్పి చేతులు దులుపుకుంటే అన్యాయం అవుతుంది. చట్టం గీసిన గీతల దగ్గర మనుషులు ఎలా నడుచుకుంటారో ముందు అర్థం చేసుకోవాలి.

మొదటి గీత పది మంది. పదో మనిషి వస్తే చట్టం వస్తుంది కాబట్టి తొమ్మిది దగ్గర ఆగిపోయే దుకాణాలు ఉన్నాయి. పదిహేను మంది పని చేస్తున్నా రిజిస్టరులో ఎనిమిది పేర్లే రాసేవి ఉన్నాయి. ఒకే కార్ఖానాను తమ్ముడి పేరు మీద సగం, బామ్మర్ది పేరు మీద సగం చేసేవి ఉన్నాయి. రోజుకూలీ వాడు లెక్కలోకి రాడని చాలామంది అనుకుంటారు. వస్తాడు. రోజువారీ మనిషీ, కాంట్రాక్టు మనిషీ లెక్కే. ఒకసారి చట్టం కిందికి వచ్చిన తర్వాత మనుషులు తొమ్మిదికి తగ్గినా అది వర్తిస్తూనే ఉంటుంది. దీనివల్ల నష్టపోయేది కార్మికుడు ఒక్కడే కాదు. గిరాకీ ఉన్నా వ్యాపారం పెంచుకోలేని సేఠ్ కూడా నష్టపోతాడు. పని దొరకాల్సిన పదో కుర్రవాడు బయటే ఉండిపోతాడు.

ఇది మన దగ్గరే ఉన్న రోగం కాదు. మన ఇళ్ళలోంచి అమెరికా వెళ్ళిన పిల్లలను అడగండి. అక్కడ ఆరోగ్య బీమా చాలావరకు ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే బీమా పోతుంది, అందుకే నచ్చని ఉద్యోగాన్ని కూడా వదలలేని వారున్నారు. 2010లో ఒబామా కాలంలో వచ్చిన చట్టం, 50 మంది పూర్తికాల ఉద్యోగులున్న యజమాని వారికి బీమా ఇవ్వాలని, లేకపోతే జరిమానా కట్టాలని చెప్పింది. వారానికి 30 గంటలు పని చేస్తే పూర్తికాలం కింద లెక్క. వెంటనే కొందరు యజమానులు 49 దగ్గర ఆగారు, కొందరు 29 గంటలే పని ఇచ్చారు. గీత గీస్తే దాని అంచున నిలబడేవారు ఎక్కడైనా ఉంటారు. అయితే ఉద్యోగాలన్నీ పోతాయని ఆనాడు చెప్పిన భయం నిజం కాలేదు. 2010 చివరి నుంచి 2020 ఆరంభం దాకా ఆ దేశంలో ఉద్యోగాలు దాదాపు ప్రతి నెలా పెరుగుతూనే వచ్చాయి.

రెండో గీత 21,000 రూపాయలు. 2017 జనవరి నుంచి అక్కడే ఉంది. ధరలు పెరిగాయి, జీతాలు పెరిగాయి, గీత కదల్లేదు. 20,500 జీతం ఉన్న మనిషికి సేఠ్ ప్రేమగా వెయ్యి రూపాయలు పెంచాడనుకోండి. ఆ ఆరు నెలల చందా కాలం ముగిసేదాకా ఈఎస్ఐ ఉంటుంది, తర్వాత పోతుంది. ఇంట్లో తల్లికి డయాలిసిస్ జరుగుతుంటే ఆ వెయ్యి రూపాయలు ఏ మూలకు? అందుకే జీతం పెంచొద్దు సాబ్ అని చేతులు జోడించేవారు ఉన్నారు. ప్రైవేటు పాలసీ తీసుకుందామంటే, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ళ దాకా డబ్బు ఇవ్వకుండా ఆపే షరతు ఉండవచ్చు. 2024కు ముందు అది నాలుగేళ్ళు ఉండేది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. అది మంచిదే, చాలా మంచిదే. కానీ పన్ను పోయినంత మాత్రాన షుగరు ఉన్న మనిషికి మొదటి రోజు నుంచే పూర్తి రక్షణ రాదు. కాబట్టి 21,000 దాటబోతున్న కార్మికుడికి జీతం పెంచే సేఠ్ ఆ పెంపుతో పాటు పాలసీ సంగతి కూడా ముందే మాట్లాడాలి.

మూడో గీత కార్మికుల మనసులో ఉంది. మన పట్టణాల్లో రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. నెలకు 17,000 జీతం పుస్తకంలో కనిపిస్తే ఏడాదికి 2,04,000. కార్డు పోతుందేమో, దాంతో బియ్యం, ఆరోగ్యశ్రీ పోతాయేమో అన్న భయంతో, నా పేరు రాయొద్దు, నగదు చేతికివ్వండి అనే కార్మికులు ఉన్నారు. వారి భయం తీసిపారేయాల్సింది కాదు. అయితే వారికి ఒకటి చెప్పాలి. ఆరోగ్యశ్రీ ఆసుపత్రి దాకా వస్తుంది, ఈఎస్ఐ ఇంటి దాకా వస్తుంది. జీతం ఆగినప్పుడు పొయ్యి వెలిగించేది రెండోదే.

ఇక సేఠ్‌ల వైపు నుంచి వినిపించే మాటలు కూడా న్యాయంగా వినాలి. పక్క దుకాణం వాడు కట్టడం లేదు, నేనొక్కడినే కడితే ధరలో వాడితో ఎలా నిలబడతాను అంటారు. ఇది నిజమైన కష్టమే. నెలకు 4,550 చిన్న హోటల్‌కు తక్కువ సొమ్ము కాదు. ఇంకొకటి కూడా దాచకుండా ఒప్పుకోవాలి. యజమాని వాటాను కార్మికుని జీతంలోంచి కోయకూడదని చట్టం చెబుతుంది. అయినా వచ్చే ఏడాది ఇవ్వాల్సిన పెంపులో కొంత తగ్గి, కాలక్రమంలో ఆ భారం కొంత కార్మికుని మీదకే పోతుందని ఆర్థికవేత్తలు చెబుతారు. తాను పొందే రక్షణ విలువ తెలిసిన కార్మికుడు దాన్ని నష్టంగా భావించడు. విలువ తెలియనప్పుడే, అది అందనప్పుడే 105 రూపాయలు కూడా జరిమానాలా అనిపిస్తాయి. డిస్పెన్సరీల్లో మందుల కొరత, పెద్దాసుపత్రికి రాసివ్వడంలో ఆలస్యం గురించి మా దగ్గరికి వచ్చినవారు చెబుతూనే ఉంటారు. వాటి మీద అర్జీలు పెట్టాలి, అడగాలి. అడగడానికి ముందు రిజిస్టరులో మన పేరు ఉండాలి కదా.

సేఠ్‌లకు మేము చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. ఈఎస్ఐ కట్టకపోతే ఖర్చు తప్పిందనుకోవడం భ్రమ. ఈఎస్ఐ పరిధిలో లేని కార్మికుడు పనిలో ఉండగా ప్రమాదంలో చనిపోతే పరిహారం యజమాని స్వయంగా ఇవ్వాలి. ఈ నియమం 1923 నుంచి ఉంది. 30 ఏళ్ళ మనిషి, నెలకు 15,000 జీతం అనుకుంటే, ఆ జీతంలో సగాన్ని చట్టం పట్టికలో ఆ వయసుకు రాసి ఉన్న 207.98తో గుణిస్తారు. 15,59,850 రూపాయలు అవుతుంది. వెల్డింగ్ షాపు అమ్మినా రాని సొమ్ము. అదే మనిషి ఈఎస్ఐలో ఉంటే యజమాని వాటా నెలకు 488 రూపాయలు, ఆ కుటుంబానికి పింఛను ఇచ్చే బాధ్యత కార్పొరేషన్‌ది. కాబట్టి ఇది కార్మికునికి ఎంత రక్షణో సేఠ్‌కూ అంతే రక్షణ.

చట్టం కూడా మారుతోంది. పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో సామాజిక భద్రతా కోడ్ మనకు ముఖ్యం. పది మంది కంటే తక్కువ ఉన్న చోట కూడా యజమాని, మెజారిటీ కార్మికులు ఒప్పుకుంటే ఈఎస్ఐలో చేరవచ్చు. ప్రమాదకరమైనవిగా ప్రభుత్వం ప్రకటించే పనుల్లో ఒక్క మనిషి ఉన్నా చేర్చాల్సిందే. ఇప్పుడు తొమ్మిది దగ్గర ఆగడానికి సాకు తగ్గింది. ఇకనుంచి ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వాలి. యాప్‌ల మీద భోజనాలు, సామాన్లు చేరవేసే మన కుర్రవాళ్ళ పేరు చట్టంలోకి మొదటిసారి వచ్చింది. ఆ కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో నూటికి ఒకటి నుంచి రెండు దాకా వారి భద్రతా నిధికి ఇవ్వాలి. అయితే అది వారికి చెల్లించే మొత్తంలో నూటికి ఐదు దాటనక్కరలేదు. ఇలాంటి కుర్రవాళ్ళను ఆయుష్మాన్ భారత్‌లో చేరుస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. దానికి ఈ-శ్రమ్‌లో నమోదు కావాలి. మన బస్తీల్లో బండి మీద తిరిగే పిల్లలు ఎంతమంది నమోదయ్యారో ప్రతి ఇంటివారూ అడిగి చూడండి.

ఈ గీతలన్నిటికీ బయట ఉండిపోయేవారు మన ఆడవాళ్ళు. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టేవారు, జరీ పని చేసేవారు, నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టేవారు. బీడీ కార్మికుల కోసం 1976లో ప్రత్యేక సంక్షేమ నిధి చట్టం వచ్చింది. దాని కోసం వసూలు చేసే సెస్సును 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రద్దు చేశారు. ఇలాంటి వారికి ఈఎస్ఐ దొరకడం కష్టం. మన జకాత్, మన సదఖా నిజంగా చేరాల్సింది వీరికి.

ఇక్కడే మేము అసలు మాటకు వస్తున్నాము.

జకాత్ ఎవరికి చెందాలో అల్లాహ్ సూరా తౌబాలో ఎనిమిది వర్గాలుగా స్పష్టం చేశాడు. అది మన ఇష్టం వచ్చినట్టు పంచే సొమ్ము కాదు. కార్మికుని జీతానికి బదులుగా జకాత్ ఇచ్చి లెక్క సరిచేసుకోవడం చెల్లదని మన ఉలమాలు చెబుతారు. జీతం అతని హక్కు, జకాత్ పేదవాడి హక్కు. ఒకరి హక్కుతో ఇంకొకరి బాకీ తీరదు. కూలివాని చెమట గురించి దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక మనలో తెలియనివారు లేరు. చట్టం ప్రకారం కార్మికునికి రావాల్సిన బీమా కూడా అతని కష్టార్జితంలో భాగమేనని మేము భావిస్తున్నాము. ఆలోచించండి. షెడ్‌లో చేయి విరిగిన మనిషిని సేఠ్ మన సంఘానికి పంపుతాడు. ఆ సేఠే రంజాన్‌లో మన సంఘానికి జకాత్ ఇచ్చాడు. మనం ఆ జకాత్‌లోంచి అతని కార్మికునికి పదివేలు ఇస్తాము. అందరూ సంతోషిస్తారు. కానీ హక్కుగా రోజుకు 420 రూపాయల చొప్పున నయమయ్యేదాకా రావాల్సిన మనిషి, పదివేలు దానంగా పుచ్చుకుని తల వంచుకుని పోయాడు. ఆ పదివేలు అందాల్సిన బీడీల తల్లి ఖాళీ చేతులతో పోయింది.

కార్మికుని జీతంలో ఈఎస్ఐ పేరుతో కోసి కార్పొరేషన్‌కు కట్టకుండా ఉంచుకోవడం ఇంకా పెద్ద విషయం. దేశ చట్టం దాన్ని నమ్మకద్రోహం కింద నేరంగా చూస్తుంది. మన ధర్మంలో దానికి అమానత్‌లో ఖియానత్ అని పేరు.

బీమా అంటేనే హరామ్ కదా అని కొందరు సోదరులు అడుగుతారు. వారి జాగ్రత్తను గౌరవిస్తాము. 1985లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను తప్పుపట్టింది, పరస్పర సహకారం మీద నడిచే బీమాను ఆమోదించింది. ఈఎస్ఐ లాభం కోసం నడిచే కంపెనీ కాదు. అందరి దగ్గరా జీతం మేరకు తీసుకుని, కష్టం వచ్చిన వారికి ఇచ్చే చట్టబద్ధమైన ఏర్పాటు. సందేహం ఉన్నవారు తమ ఉలమాలను అడిగి తెలుసుకోవాలి. ఒక్క మనవి. సందేహం పేరు చెప్పి డబ్బు మిగుల్చుకుని, కార్మికుణ్ణి గాలికి వదిలేయకూడదు. ఆ మార్గం వద్దనుకున్న సేఠ్ అతని జబ్బు భారం మొత్తం తానే మోయడానికి సిద్ధంగా ఉండాలి.

ఈ ఏడు మా ఉపసంఘం సహాయ దరఖాస్తులో రెండు ప్రశ్నలు చేర్చాలని తలపెట్టింది. మీరు ఎక్కడ పని చేస్తున్నారు? అక్కడ మీకు ఈఎస్ఐ ఉందా? ఈ ప్రశ్నలు వద్దని మాలోనే కొందరు పెద్దలు అన్నారు. దాతలు నొచ్చుకుంటారు, చందాలు తగ్గుతాయి అన్నారు. వారి భయం సంఘం మీద ప్రేమతో పుట్టిందే. చాలాసేపు చర్చించి ఒక నిర్ణయానికి వచ్చాము. జవాబు ఏదైనా సాయం ఆగదు. సేఠ్ చేయని పనికి కార్మికుణ్ణి శిక్షించడం జుల్మ్. ఏ దాత పేరూ సభలో, సంచికలో బయటపెట్టము. కానీ ఆ సేఠ్ దగ్గరికి మాలో ఇద్దరం వెళ్ళి కూర్చుని, లెక్క చూపించి, నమోదు ఎలాగో చెప్పి వస్తాము. చందా తగ్గితే తగ్గనివ్వండి. ఒక కార్ఖానాలో పన్నెండు మందికి ఈఎస్ఐ వస్తే, ఆ పన్నెండు ఇళ్ళ నుంచి మన దగ్గరికి రావాల్సిన అర్జీలు తగ్గుతాయి. అది ఏ చందాకు తక్కువ?

సేఠ్‌లకు మా విన్నపం ఇదీ. మీ దగ్గర పది మంది ఉంటే ఈ నెలలోనే నమోదు చేయించండి. ఆన్‌లైన్‌లో అవుతుంది. పాత బకాయిలు తవ్వుతారేమో అన్న భయం చాలామందిని ఆపుతోందని మాకు తెలుసు. అలాంటివారి కోసమే 2025 జూలైలో స్ప్రీ అనే పథకం తెచ్చి, వెనకటి చందాలు అడగకుండా నమోదు చేసుకునే వీలు ఇచ్చారు. ఇలాంటి అవకాశం వచ్చినప్పుడు ఎదురుచూస్తూ కూర్చోకండి. పది కంటే తక్కువ ఉంటే మీ మనుషులతో మాట్లాడి స్వచ్ఛందంగా చేరే విషయం ఆలోచించండి. పక్క దుకాణం వాడి పోటీ గురించి మీ బాధ నిజమే కాబట్టి, ఒక్కరుగా కాకుండా బజారు బజారంతా కలిసి చేరండి. హోటళ్ళ వారు ఒకరోజు, షెడ్‌ల వారు ఒకరోజు కూర్చుంటే, మేము తెలిసినవారిని పిలిపిస్తాము.

కార్మిక సోదరులకు, సోదరీమణులకు మూడు మాటలు. మీ బీమా నంబరు పది అంకెలది. అది జీవితాంతం ఒక్కటే. సేఠ్ మారినప్పుడు పాత నంబరే ఇవ్వండి, కొత్తది తీసుకోకండి, లేకపోతే మీ పాత చందా లెక్కకు రాదు. రెండోది, భార్యాపిల్లలు, అమ్మానాన్నల పేర్లు, ఆధార్ ఇప్పుడే చేర్పించుకోండి. జబ్బు వచ్చిన రోజు చేర్పించడానికి పరుగెత్తాల్సి రాకూడదు. మూడోది, జీతంలో కోత ఉంటే అది జమ అయిందో లేదో ఫోనులో చూసుకోవచ్చు. చూసుకోవడం రాకపోతే శుక్రవారం జుమా నమాజు తర్వాత మన ఆఫీసుకు రండి. చదువుకున్న మన పిల్లలు ఇద్దరు కూర్చుని చూపిస్తారు.

చివరిగా ఒక్క మాట. దానం చేసేవానికి పేరు వస్తుంది, హక్కు చెల్లించేవానికి పేరు రాదు. ఈఎస్ఐ చలానా కట్టిన సేఠ్ ఫోటో ఏ సంచికలోనూ వేయరు. కానీ ప్రళయదినాన మన పుస్తకం తెరిచినప్పుడు, ఎంత ఇచ్చావన్న ప్రశ్నకు ముందు, ఎవరి బాకీ ఉంచుకున్నావన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు మనమంతా తేలికగా జవాబు చెప్పగలిగేలా అల్లాహ్ మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక. మన రోగులకు స్వస్థతను, మన కార్మికుల కష్టంలో, మన యజమానుల వ్యాపారంలో బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.